సీడ్ పత్తి చేనుకు వెళ్లే పిల్లను బడికి తెచ్చుకోవడం ఎలా

కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న నేలను మేం నడిగడ్డ అంటాం. జోగులాంబ గద్వాల జిల్లా అంటే బయటివాళ్లకు త్వరగా అర్థమవుతుంది. నేను ఇక్కడే ఒక ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలలో టీచర్‌ని. గట్టు, కేటీ దొడ్డి, మల్దకల్, ధరూర్, అయిజ మండలాల్లో ఎక్కడ పనిచేసిన టీచరును అడిగినా ఒకే మాట చెబుతారు. ఆగస్టు వచ్చిందంటే రిజిస్టరులో పేర్లుంటాయి గానీ తరగతిలో ఆడపిల్లలుండరు. వాళ్లు సీడ్ పత్తి చేలల్లో, అంటే హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలల్లో, క్రాసింగ్ (పువ్వులకు చేత్తో పుప్పొడి అద్దే పని) చేస్తుంటారు. నది దాటి కర్నూలు, నంద్యాల వైపు వెళ్లినా సీడ్ పత్తి వేసే ఊళ్లలో ఇదే పరిస్థితి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ప్రాంతంలో అక్షరాస్యత 50 శాతం కన్నా తక్కువ. తెలంగాణ జిల్లాల్లో అట్టడుగు మాదే. ఆ అంకె చూసి “అక్కడి తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు” అంటారు కొందరు. నేను ఒప్పుకోను. అదే ఇంట్లో కొడుకు పసుపు రంగు బస్సెక్కి ప్రైవేటు బడికి వెళుతుంటాడు, ఆ ఫీజు కోసం కూతురు చేనుకు వెళుతుంటుంది. చదువు విలువ తెలియని ఇల్లయితే ఆ ఫీజు కట్టదు. ఇంట్లో ఉన్న కాసిన్ని డబ్బులు ఎవరి మీద పెట్టాలన్నదే అక్కడి లెక్క. ఆ లెక్కలో ఆడపిల్ల ప్రతిసారీ ఓడిపోతోంది. అందుకే కొత్తగా ఇటువైపు ఉద్యోగానికి వచ్చిన టీచర్లకు, సీఆర్పీలకు (బళ్లకు సాయంగా ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లకు), సొంత ఊరి పిల్లల కోసం ఏదైనా చేయాలనుకునే యువతకు నేను మొదట చెప్పేది ఒకటే: చదువు గొప్పదనం మీద ఉపన్యాసం ఇవ్వకండి. ఆ ఇంటి అప్పు ఎక్కడుందో, ఎప్పుడు తీసుకున్నారో తెలుసుకోండి.

ముందు ఆ పనేమిటో చూసి రండి

చేనుకు వెళ్లి చూడకుండా ఈ పిల్లల గురించి మాట్లాడలేం. పత్తి పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. దాని పుప్పొడి దానికే అంటుకుంటే హైబ్రిడ్ విత్తనం రాదు. కాబట్టి మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేలోపు ఏరి పట్టుకోవాలి. రేకులను, వాటితో పాటు కేసరాల గొట్టాన్ని గోటితో గిల్లి తీసేయాలి. నడుమ ఉన్న సన్నటి కాడకు దెబ్బ తగలకూడదు, తగిలితే ఆ కాయ నిలవదు. మర్నాడు పొద్దున్నే మగ మొక్కల వరుసల నుంచి పువ్వులు కోసుకొచ్చి, ఒక్కొక్క మొగ్గకూ పుప్పొడి అద్దాలి. 1970లో సూరత్‌లో హెచ్-4 అనే తొలి హైబ్రిడ్ పత్తి వచ్చినప్పటి నుంచీ ఈ పద్ధతి నడుస్తోంది, చేసేది మనిషి చేతివేళ్లే.

పువ్వు ఆదివారమని ఆగదు, పండగని ఆగదు. రెండు మూడు నెలల పాటు రోజూ సాయంత్రం గిల్లాలి, రోజూ పొద్దున అద్దాలి. అంటే పిల్ల రెండు పూటలా చేలోనే ఉండాలి. “బడి అయ్యాక వెళుతుందిలే టీచర్” అని ఎవరైనా అంటే నమ్మకండి, ఈ పనిలో అది కుదరదు. సీజన్లో ఆ పిల్లల చేతులు చూడండి. బొటనవేలి గోరు పక్కన చర్మం చీలి, మొగ్గ పసరు పట్టి నల్లగా ఉంటుంది. నిన్న మందు కొట్టిన చేనులోనే ఇవాళ నిలబడతారు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు అని చెబుతారు. ఇంట్లో అడిగితే “ఎండదెబ్బ” అంటారు.

“పెద్దవాళ్ల వేళ్లు మొరటు, చిన్నపిల్లల చేతులైతే మొగ్గ విరగదు” అనే మాట మీకు వంద నోళ్లలో వినిపిస్తుంది. అది నిజం కాదు. పెద్ద ఆడవాళ్లు ఈ పని చక్కగా చేస్తారు, వాళ్లకు పెద్దవాళ్ల కూలి ఇవ్వాలి, అంతే. విత్తనానికి ధర కట్టేది కంపెనీ. పెట్టుబడి తెచ్చేది ఆర్గనైజరు, అంటే కంపెనీకి, రైతుకు నడుమ ఉండే మధ్యవర్తి. ఆ పెట్టుబడి తీసుకుని, కట్టిన ధరకే విత్తనం అప్పగించాల్సినవాడు రైతు. తూకంలో, నాణ్యత పరీక్షలో ఏం తేడా వచ్చినా నష్టం రైతుదే. అతను ఆ నష్టాన్ని కూలి తగ్గించి పూడ్చుకుంటాడు. చాలా ఊళ్లలో ఆ రైతుదీ రెండు మూడు ఎకరాలే, అతనూ అప్పులోనే ఉన్నాడు. అతన్ని దుర్మార్గుడిగా చూసి మాట్లాడటం మొదలుపెడితే ఊరంతా మీకు ఎదురు తిరుగుతుంది. అయితే అతని కష్టం నిజమైనంత మాత్రాన పదేళ్ల పిల్ల ఆ కష్టాన్ని మోయాలని లేదు. ఈ రెండో మాట చెప్పడానికి మొహమాటపడకండి.

అడ్వాన్సు గురించి అడగండి

పిల్ల ఆగస్టులో బడి మానేస్తుంది, కానీ ఆ నిర్ణయం వేసవిలోనే జరిగిపోయి ఉంటుంది. ఇంట్లో పెళ్లో, జబ్బో, బోరు ఎండిపోవడమో, ఏదో ఒకటి. అప్పుడు రైతు దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. సీజన్లో ఇంతమంది పనికి రావాలని మాట ఇస్తారు. ఆ “ఇంతమంది”లో పిల్ల ఉంటుంది. జూన్ 12న బడి తెరిచినప్పుడు ఆ పిల్ల మీ ఎదురుగా కొత్త నోటుపుస్తకంతో కూర్చునే ఉంటుంది, మాట మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఈ సంగతి తెలియక బడిబాటలో (పిల్లలను బడిలో చేర్పించే కార్యక్రమంలో) పేర్లు రాసుకుని, ఫొటోలు తీసుకుని, అంతా బాగుందనుకుంటాం.

కాబట్టి ఇంటికి వెళ్లండి, కానీ వేళ చూసుకుని వెళ్లండి. పగలు వెళితే ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. రాత్రి ఏడు దాటాక వంట జరుగుతున్నప్పుడు వెళ్లండి. తండ్రితో కన్నా తల్లితో ముందు మాట్లాడండి. కుర్చీ తెప్పించుకోకుండా అరుగు మీదో, ఆమె పక్కనో కూర్చోండి. రిజిస్టరు, పెన్ను బయటికి తీయకండి. నేను ఇలా అడుగుతాను: “అక్కా, ఈ ఏడాది ఎవరి చేనుకు ఒప్పుకున్నారు? ఎంత తీసుకున్నారు?” పిల్లను ఎందుకు పంపడం లేదని అడిగితే ఆమె తలదించుకుంటుంది, లేదా “రేపటి నుంచి పంపిస్తాను మేడం” అని మిమ్మల్ని సాగనంపుతుంది. అప్పు గురించి అడిగితే మాత్రం మాట్లాడుతుంది. ఒక తల్లి నాతో అన్న మాట: “మేడం, బిడ్డను పంపకపోతే ఆయన డబ్బులడుగుతాడు. నేను ఎక్కడ తేవాలి? మీరు కడతారా?” ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకుండా ఆ గడప తొక్కకండి.

జవాబులు కొన్ని ఉన్నాయి. తల్లి మహిళా సంఘంలో సభ్యురాలైతే సంఘం నుంచి గానీ, సంఘాల మహిళలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి గానీ అప్పు తెచ్చి అడ్వాన్సు తీర్చే దారి చూడవచ్చు. వడ్డీ తక్కువ, పైగా పిల్లను పంపాలన్న షరతు ఉండదు. ఇందుకు గ్రామసమాఖ్య (ఊరి మహిళా సంఘాలన్నీ కలిసిన సమాఖ్య) లీడరును మీ వెంట తీసుకెళ్లండి, మీరొక్కరే చెబితే నమ్మరు. రెండోది, రైతుతో కూర్చుని పిల్ల స్థానంలో పెద్దవాళ్లు పనికి వచ్చి అడ్వాన్సు చెల్లగొట్టేలా మాట్లాడటం. ఊరి పెద్ద ఒకరు, మన బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అధ్యక్షురాలు ఉంటే ఇది ఎక్కువసార్లు తేలిపోతుంది. మూడోది చట్టం. అప్పు పేరు చెప్పి మనిషిని పనికి కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం. అలాంటి అప్పు చెల్లదు. కలెక్టరుకు, ఆర్డీవోకు ఫిర్యాదు చేయవచ్చు. ఈ మాట తల్లికి తెలియాలి, రైతుకూ తెలియాలి. బెదిరింపులా కాకుండా, తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పండి.

14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. పెట్టుకున్నవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. “మా సొంత చేనే కదా” అనేవాళ్లుంటారు. సొంత కుటుంబానికి సాయం చేయవచ్చు, అదీ బడి వేళ ముగిశాకో, సెలవుల్లోనో, ప్రమాదం లేని పనైతేనే. పురుగుమందు కొట్టిన చేనును ప్రమాదం లేనిదని నేనైతే అనను. ఏ మాటా వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, మీ పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. కానీ మొదటి రోజే అధికారుల జీపు ఊళ్లోకి వచ్చిందంటే ఆ తర్వాత ఏ ఇంటి తలుపూ మీకు తెరుచుకోదు. పిల్ల దెబ్బలు తింటోందనో, వేరే ఊరికి తరలిస్తున్నారనో తెలిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.

చంటిపిల్లాడి సమస్య

దీన్ని చాలామంది పట్టించుకోరు. అప్పు తేలిపోయింది, తల్లి ఒప్పుకుంది, అయినా పిల్ల రాలేదంటే ఆ ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉన్నాడేమో చూడండి. అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండినవాళ్లనే. అంతకన్నా చిన్నవాడిని ఎత్తుకునేది అక్కే. నాయనమ్మ గానీ, పక్కింటి పెద్దమ్మ గానీ పొద్దున నుంచి సాయంత్రం దాకా చూస్తారేమో అడగండి. నేను కొన్నిసార్లు తమ్ముడిని చంకనేసుకుని రమ్మని కూడా చెప్పాను. తరగతిలో కాస్త గోల అవుతుంది, అవనివ్వండి.

చేర్చుకోవడం

పిల్ల గేటు దాకా వచ్చాక కాగితాల పేరుతో వెనక్కి పంపేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలో ఈ సెక్షన్లు ఒక కాగితం మీద రాసుకుని మీ సంచీలో పెట్టుకోండి. 14వ సెక్షన్: పుట్టిన తేదీ రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. 15: విద్యాసంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. 5: టీసీ రావడం ఆలస్యమైందని ఆపకూడదు. 4: బడి మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన చదువు అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ శిక్షణ మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ఉండవచ్చు. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగానే చదువుకోవచ్చు. ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం తర్వాత మీసేవకు తిరగవచ్చు. ముందు పిల్ల బెంచీ మీద కూర్చోవాలి.

పాలమూరు వైపు జోగినుల (దేవత పేరున విడిచిపెట్టిన ఆడవాళ్ల) పిల్లలు బడికి వచ్చినప్పుడు తండ్రి పేరు దగ్గర ఆగిపోతారు. నలుగురిలో గుచ్చి గుచ్చి అడగకండి. తల్లి పేరు రాసుకుని ముందుకు సాగండి. జోగినిగా మార్చే ఆచారాన్ని 1988లోనే చట్టం నిషేధించింది. దాని శిక్షను ఇంకా పిల్లలకు వేయడం న్యాయం కాదు.

మొదటి రెండు వారాలు

నా అనుభవంలో అప్పు కన్నా ఎక్కువమందిని వెనక్కి పంపేది తరగతి గదిలో జరిగే అవమానం. పన్నెండేళ్ల పిల్ల ఏడో తరగతిలో కూర్చుంటుంది. కష్టమైన ఒత్తులు చదవలేకపోతుంది. “అమ్మ” చదువుతుంది, “రాష్ట్రం” దగ్గర ఆగిపోతుంది. పక్కన ఎవరో కిసుక్కున నవ్వుతారు. మర్నాడు రాదు. అందుకని మొదటి వారం ఆ పిల్లతో అందరి ముందు చదివించకండి. ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టడం అసలే చేయకండి, ఆ పొడుగుకు ఆ బెంచీ మీద ఆమె పడే సిగ్గు ఏ పాఠమూ పోగొట్టలేదు. తోటివాళ్లతోనే కూర్చోబెట్టి, రోజూ ఒక గంట విడిగా చెప్పండి.

ఆమెకు ఏమీ రాదనుకోవద్దు. కూలి లెక్క నోటితో చెప్పేస్తుంది. రోజుకు ఇంత చొప్పున ఇన్ని రోజులు, అందులో అడ్వాన్సు పోను ఎంత రావాలో టక్కున చెబుతుంది. అదే లెక్కను పలక మీద నిలువుగా రాసి, అప్పు తెచ్చుకునే తీసివేతగా చూపిస్తే భయం పోతుంది. చదువు కూడా అలాగే. మొగ్గ, పువ్వు, గద్దె, గట్టు, మద్దతు ధర అని రాయించండి. ద్విత్వాలు ఆమెకు తెలిసిన మాటల్లోనే దొరుకుతాయి. తర్వాత బస్సు బోర్డులు, రేషను షాపు ముందు రాసిన ధరలు, చివరికి పురుగుమందు డబ్బా మీద ఉన్న హెచ్చరిక. ఒక పిల్ల ఆ డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, “టీచర్, ఇది పిల్లలకు దూరంగా ఉంచాలంట” అని నా ముఖంలోకి చూసింది. ఆ రోజు నేను వేరే పాఠం చెప్పలేదు. ఆ డబ్బా గురించే మాట్లాడుకున్నాం.

కొట్టడం, తిట్టడం 17వ సెక్షన్ కింద నిషేధం. కులం పేరుతో, పని పేరుతో పిలవడం కూడా తిట్టే. “సీడు పిల్ల” అని తరగతిలో ఎవరైనా అంటే అక్కడికక్కడే ఆపండి. మధ్యాహ్న భోజనం వేళ ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో గమనించండి. మాదిగవాడ పిల్లలు ఒక మూల, మిగిలినవాళ్లు మరో మూల కూర్చుంటుంటే మీరు వెళ్లి ఆ మూలలోనే పళ్లెం పెట్టుకుని తినండి. రోజూ తినండి. దానికి ప్రసంగం అక్కర్లేదు.

మరుగుదొడ్డిలో నీళ్లున్నాయో లేదో మీరే పోయి చూడండి. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలు నెలకు నాలుగైదు రోజులు రాకపోవడానికి చాలా బళ్లలో కారణం ఇదే. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాక మీ ఎదురుగా మింగించండి. చేనుకు వెళ్లొచ్చిన పిల్లల్లో పాలిపోయిన ముఖాలు ఎక్కువ, తరగతిలో నిద్రపోతుంటే బద్ధకమనుకోకండి. స్కూలు ఆరోగ్య బృందం వచ్చినప్పుడు మందు వాసన వల్ల వచ్చే తలనొప్పి సంగతి మీరే డాక్టరుకు చెప్పండి, పిల్ల చెప్పదు.

ఎనిమిదో తరగతి తర్వాత

ఇక్కడ పిల్ల మళ్లీ జారిపోతుంది. హైస్కూలు మండల కేంద్రంలో ఉంటుంది, దారి చేలగట్ల మీదుగా ఉంటుంది, ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, కాబట్టి బస్సు వచ్చే ఊరికి చార్జీల బాధ తీరింది. బస్సు రాని ఊరికి తీరలేదు. అలాంటి ఊరైతే బడివేళకు ఒక బస్సు వేయమని తల్లులందరి సంతకాలతో డిపో మేనేజరుకు అర్జీ పెట్టించండి.

హాస్టల్ కావాలంటే గురుకులం పేరే అందరి నోట్లోనూ ఉంటుంది. కానీ అక్కడ ఐదో తరగతి ప్రవేశానికి పరీక్ష రాయాలి. మధ్యలో మానేసిన పిల్ల ఆ పరీక్షలో నెగ్గడం కష్టం. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలైంది ఇలాంటి పిల్లల కోసమే. ప్రవేశ పరీక్ష లేదు. బడి మానేసినవాళ్లకు, తల్లిదండ్రులు లేనివాళ్లకు ముందు చోటిస్తారు. మీ మండలంలో కస్తూర్బా ప్రత్యేకాధికారిని వేసవిలోనే కలిసి, ఎన్ని సీట్లు ఖాళీ అవుతాయో కనుక్కుని, పేర్లు ఇచ్చి రండి. 18 ఏళ్లలోపు పెళ్లి 2006 చట్టం ప్రకారం నేరమని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ చేస్తారు. “సీటు వచ్చింది, ట్రంకుపెట్టె కొనుక్కోండి” అన్నప్పుడు పెళ్లి మాట వాయిదా పడటం చాలా ఇళ్లలో చూశాను.

మళ్లీ వేసవికి

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి వెట్టిపిల్లలను శిబిరాలకు తెచ్చి, అక్కడి నుంచి మామూలు బడికి పంపే పని చేసింది. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికురాలిగానే లెక్కించాలన్నది వాళ్లు పట్టుకున్న సూత్రం. మన పని కూడా ఆ లెక్కతోనే మొదలుపెట్టాలి. రిజిస్టరు పక్కన పెట్టి, ఏప్రిల్లో ఇల్లిల్లూ తిరిగి ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరి పేర్లూ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రతి పేరు పక్కన మూడు విషయాలు ఉండాలి: పోయిన సీజన్లో ఎవరి చేనుకు వెళ్లింది, ఈసారి అడ్వాన్సు తీసుకున్నారా, ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉన్నాడా. అడ్వాన్సు ఇంకా తీసుకోని ఇళ్లకు ముందు వెళ్లండి. మే నెలాఖరులోపు గ్రామసమాఖ్య సమావేశంలో ఈ జాబితా పేర్లు లేకుండా అంకెలుగా చదివి వినిపించండి. సీడ్ రైతులను, ఆర్గనైజర్లను కూడా ఆ సమావేశానికి పిలిచి, పిల్లలను పెట్టుకోబోమని పంచాయతీ పుస్తకంలో సంతకాలు చేయించండి. ఆ పేజీ నకలు ఒకటి బడి గోడకు, ఒకటి ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు, ఒకటి మీ దగ్గర. ఆగస్టు మొదటి వారంలో సాయంత్రం నాలుగున్నరకు ఆ నకలు పట్టుకుని చేల వైపు ఒకసారి నడిచి రండి.